పాత ఫోర్ బై ఫోర్ పికప్‌ని బురద కోసం ఎత్తు పెంచాలి, డబ్బులు తక్కువున్నాయి, ఎక్కడ మొదలెట్టాలి?

బురద బండి:

అందరికీ నమస్తే. చాలాకాలంగా చదువుతున్నా కానీ రాయడం ఇదే మొదటిసారి. నా దగ్గర ఒక పాత ఫోర్ బై ఫోర్ పికప్ ఉంది, ముందూ వెనకా కమాన్ కట్టలే (వంపున్న ఇనప పట్టీల స్ప్రింగులు), రెండువైపులా కమాన్లు యాక్సిల్ పైనే కూర్చునుంటాయి, ముందు కూడా సాలిడ్ యాక్సిలే, అంటే రెండు చక్రాలనీ కలిపే ఒకటే యాక్సిల్. మాన్యువల్ గేర్లు, లో రేంజ్ (ఎక్కువ లాగుడుకి వాడే నెమ్మది గేర్లు) బాగానే పడుతుంది, ముందు చక్రాలకి చేత్తో తిప్పి లాక్ చేసే హబ్బులు. ఇంజన్ మీద నాకు నమ్మకం ఉంది, ఒక్క సెల్ఫ్‌కే లేస్తుంది. ఇన్నాళ్ళూ సామాన్లు మోయడానికే వాడాను, ఈమధ్య వానలు పడ్డాక ఇద్దరు స్నేహితులతో కలిసి బురదలోకి తీసుకెళ్ళడం మొదలెట్టా, ఆ పిచ్చి పట్టుకుంది ఇంక వదలట్లేదు.

సమస్య ఏంటంటే రెండుసార్లు వెళ్తే రెండుసార్లూ ఇరుక్కున్నా. చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి, బండి కదల్లేదు, దిగి కింద చూస్తే వెనక యాక్సిల్ మధ్యలో గుండులా ఉండే డిఫరెన్షియల్ హౌసింగ్ బురద మీద కూర్చునుంది. అందుకే లిఫ్ట్ చేద్దామనుకుంటున్నా. నాలుగంగుళాల కిట్టు, 33 సైజు (33 అంగుళాల ఎత్తు) టైర్లు అన్నది నా కల, కానీ ఆ రెండూ కలిపితే బండి కొన్న రేటు దాటిపోతోంది. ఒక ఫ్రెండు ఏమంటాడంటే లేత్ మీద ఇనప దిమ్మలు చేయిద్దాం, యాక్సిల్‌కీ కమాన్‌కీ మధ్యలో పెట్టి కమాన్‌ని యాక్సిల్‌కి బిగించే యూ బోల్టులు పొడుగువి వేస్తే ముందూ వెనకా నాలుగంగుళాలు లేస్తుంది, ఒక్క పూట పని అంటాడు. ఇంకొకడు కమాన్ చివరని చాసిస్‌కి తగిలించే షాకిల్స్ పొడుగువి వెయ్యి చాలు అంటాడు. మొత్తం ఒక్కసారి చెయ్యలేను, నెలకి కొంచెం కొంచెం పెట్టగలను. ఏది ముందు ఏది తర్వాత, దయచేసి తెలిసినవాళ్ళు చెప్పండి.

గ్రీజు చేతులు:

స్వాగతం తమ్ముడూ. నువ్వు రాసిన దాంట్లోనే సగం జవాబుంది, హౌసింగ్ బురద మీద కూర్చునుంది అన్నావ్ చూడు, అది పట్టుకో. సాలిడ్ యాక్సిల్ బండిలో కిందికి వేలాడేది చాసిస్ కాదు, డిఫరెన్షియల్ గుండు. లిఫ్ట్ కిట్టు ఏం చేస్తుంది, యాక్సిల్ మీదున్న చాసిస్‌నీ బాడీనీ పైకి లేపుతుంది అంతే, యాక్సిల్ ఉన్నచోటే ఉంటుంది. నాలుగంగుళాలు లేపు, పదంగుళాలు లేపు, ఆ గుండు నేల నుంచి ఇప్పుడెంత ఎత్తులో ఉందో అప్పుడూ అంతే. దాన్ని లేపేది ఒక్క టైరే. అదీ టైరు సైజు ఎంత పెరిగితే అందులో సగమే, ఎందుకంటే యాక్సిల్ చక్రం మధ్యలో ఉంటుంది కాబట్టి. ఇప్పుడు నీకు 225/75 ఆర్ 15 ఉన్నాయనుకో, అది దాదాపు 28.3 అంగుళాలు, 31 వేస్తే గుండు లేచేది అంగుళం మీద ముప్పావు కూడా కాదు, 1.35 అంగుళాలు. చిన్న లెక్కలా కనిపిస్తుంది కానీ బురదలో ఆ అంగుళంపావే నిన్ను బయటికి తెస్తుంది.

అంటే లిఫ్ట్ దేనికి? ఆ టైరు బాడీకి తగలకుండా తిరగడానికి, గట్ల మీద చాసిస్ పొట్ట ఆనకుండా ఉండడానికి. కాబట్టి ముందు టైరు సైజు తేల్చుకో, ఆ టైరుకి ఎంత కావాలో అంతే ఎత్తు. ఇట్లాంటి పికప్పుల్లో 31కి రెండంగుళాలు, దాంతోపాటు ఫెండర్ అంచు కొంచెం కోసుకుంటే చాలావరకు సరిపోతుంది. 33 అంటే కథ మారిపోతుంది, గేర్ రేషియో, స్టీరింగ్, బ్రేకులు, చక్రాలని తిప్పే హాఫ్ షాఫ్టులు అన్నీ ఒకదాని వెనక ఒకటి అడుగుతాయి.

ఇంకోటి, కొలిచావా? హబ్ సెంటర్ నుంచి ఫెండర్ అంచు దాకా నాలుగు చక్రాలకీ టేపు పెట్టి కొలువు. సామాన్లు మోసిన పాత బండి కాబట్టి కమాన్లు కచ్చితంగా కూర్చుని ఉంటాయి, ఒకవైపు ఇంకోవైపు కంటే ఎక్కువ దిగి ఉండొచ్చు. కట్ట విప్పి పట్టీలకి వంపు మళ్ళీ కొట్టించి, విరిగిన పట్టీ మార్పించి, బుష్‌లు కొత్తవి వేస్తే కంపెనీ నుంచి వచ్చినప్పటి ఎత్తు కొంత తిరిగొస్తుంది. పోయిన ఎత్తు తెచ్చుకోకుండా కొత్త ఎత్తు కొనడం దండగ.

అన్నిటికంటే ముందు చాసిస్ కింద పడుకుని సుత్తితో కొట్టి చూడు, ముఖ్యంగా కమాన్ హ్యాంగర్ల దగ్గర, స్టీరింగ్ బాక్స్ బిగించిన చోట. ఖంగుమని మోగితే సరే, డొల్లగా డుబ్‌మంటే లోపల తుప్పు తిన్నట్టే, లిఫ్ట్ మాట పక్కన పెట్టి ముందు అది చూసుకో.

లో రేంజ్:

టైర్ల గురించి పైన చెప్పింది అక్షరాలా నిజం. నేను బాడీ లిఫ్ట్ గురించి కూడా చెప్తా, ఎవరూ పట్టించుకోరు కానీ తక్కువ డబ్బుల్లో అది మంచి దారి. చాసిస్‌కీ బాడీకీ మధ్య రబ్బరు మౌంట్లు ఉంటాయి కదా, అక్కడ అంగుళమో రెండంగుళాలో ఉన్న దిమ్మలు పెట్టి పొడుగు బోల్టులు వేయడమే. సస్పెన్షన్ ముట్టుకోం, యాక్సిల్‌కి బలం తీసుకెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారదు, ఇంజన్ గేర్‌బాక్స్ బరువు ఉన్నచోటే ఉంటుంది కాబట్టి బండి ఊగడం కూడా పెద్దగా పెరగదు, టైరుకి మాత్రం జాగా వస్తుంది.

కానీ విప్పే ముందు ఇవి చూసుకో. రేడియేటర్ బాడీతో లేస్తుంది, ఫ్యాన్ ఇంజన్‌తో కిందే ఉంటుంది, కాబట్టి ఫ్యాన్ చుట్టూ ఉన్న డొప్పకి రెక్క తగులుతుంది, దాన్ని దించి బిగించాలి. స్టీరింగ్ షాఫ్ట్ జాయింటు ఎంత సాగుతుందో చూడాలి. డీజిలో పెట్రోలో పోసే గొట్టం సాగుతుంది, గేర్ రాడ్‌లు కిందికి వెళ్ళిపోయినట్టు అనిపిస్తాయి, బాడీకీ ఇంజన్‌కీ మధ్య ఎర్త్ వైరు బిర్రుగా అయిపోతుంది. బోల్టులు 8.8 గ్రేడ్‌కి తగ్గకూడదు. చెక్క ముక్కలు, పైపు ముక్కలు కోసి పెట్టేవాళ్ళని చూశా, దయచేసి ఆ పని చెయ్యొద్దు, గుద్దుకున్నప్పుడు నువ్వు కూర్చున్న క్యాబిన్‌ని చాసిస్‌కి పట్టుకుని ఉండేవి ఆ బోల్టులే. రెండంగుళాలు దాటి బాడీ లిఫ్ట్ నేనైతే చెయ్యను.

పాత ఇనుము:

ఆ ఇనప దిమ్మల సంగతి చూసి ఆగలేక రాస్తున్నా. బ్రదర్, ముందు యాక్సిల్‌కి దిమ్మలు వద్దు. ఎవరు చెప్పినా వద్దు, ఎంత బాగా లేత్ పట్టినా వద్దు. బ్రేక్ నొక్కినప్పుడు బండి బరువంతా ముందుకి పడుతుంది, యాక్సిల్ మెలితిరగాలని చూస్తుంది, మధ్యలో ఉన్న దిమ్మ మీటలాగా పనిచేస్తుంది, అది జారి బయటికొస్తే స్టీరింగ్ చేసే చక్రాలు రెండూ నీ చేతిలోంచి పోయినట్టే. వెనక మాత్రం చాలా కంపెనీ బండ్లకే దిమ్మలు వస్తాయి, ఒక్కటే దిమ్మ, పోత ఇనుముదో గట్టి స్టీలుదో, సెంటర్ పిన్ సరిగ్గా కూర్చునేది అయితే ఫర్వాలేదు. ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. వెనక అయినా దిమ్మ పొడుగయ్యేకొద్దీ బురదలో ఎక్స్‌లేటర్ తొక్కినప్పుడు యాక్సిల్ చుట్టుకుని ఎగిరెగిరి పడుతుంది, ఆ ఎగురుడుకే ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ క్రాస్‌లు తెగుతాయి.

షాకిల్ లెక్క: షాకిల్ రెండంగుళాలు పొడుగైతే బండి లేచేది ఒక్క అంగుళమే, ఎందుకంటే కమాన్ ఒక చివరే లేస్తుంది. ముందు కమాన్‌కి షాకిల్ ముందు చివర ఉంటే ఇంకో చిక్కుంది, ఆ చివర కిందికి దిగి యాక్సిల్ ముందుకి వాలి క్యాస్టర్ కోణం (స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గుతుంది, రోడ్డు మీద స్టీరింగ్ వదిలేస్తే తనంతట తాను నేరుగా రాదు, బండి అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. కమాన్ కింద ఏటవాలు ఇనప ముక్కలు వేసి సరిచేస్తారు కానీ దానికంటే షాకిల్‌ని పెద్దగా ముట్టుకోకపోవడమే మేలు.

నీ డబ్బులకి నేను చెప్పేది ఒక్కటి, కట్టలో ఒక్కో పట్టీ అదనంగా వేయించు. అంగుళంన్నర, రెండు వస్తుంది. ఖాళీ బండి కొంచెం గట్టిగా కొడుతుంది, చక్రం కిందికి వేలాడ్డం కొంచెం తగ్గుతుంది, అది నిజం, కానీ పట్టీ కట్టలోనే ఉంటుంది, సెంటర్ బోల్టుతో బిగిసి ఉంటుంది, జారిపోయేది ఏమీ లేదు. యూ బోల్టులు మాత్రం కొత్తవే. పాతవి ఒకసారి సాగి ఉంటాయి, మళ్ళీ బిగిస్తే పట్టవు. కమాన్ చివర్లలో ఉండే కళ్ళ దగ్గర బుష్ బోల్టులు బండి నేల మీద దాని బరువు మీద నిలబడ్డాకే చివరగా బిగించాలి, జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు బుష్ మెలితిరిగి తొందరగా చిరుగుతుంది.

ఇప్పుడు నా తప్పు చెప్తా, నీకు జరగకూడదని. నేను మొదటిసారి లిఫ్ట్ చేసినప్పుడు అన్నీ చూశా, చాసిస్ నుంచి ముందు యాక్సిల్‌కి వచ్చే బ్రేక్ హోస్ మాత్రం చూడలా. నేల మీద నిలబడ్డప్పుడు బాగానే ఉంది, సడలుగానే కనిపించింది. ఒక గుంత దాటుతుంటే చక్రం పూర్తిగా కిందికి వేలాడింది, హోస్ బిర్రుగా సాగి కొసన చిరిగింది, తర్వాత బ్రేక్ తొక్కితే పెడల్ నేలకి తగిలింది. నడక వేగంలో ఉన్నా కాబట్టి హ్యాండ్‌బ్రేక్‌తో ఆగా. ఆ రోజు నుంచి ఏ బండి లేపినా చాసిస్‌ని జాకీ మీద లేపి, స్టాండ్లు పెట్టి, యాక్సిల్ పూర్తిగా వేలాడేలా వదిలి, అప్పుడు కింద దూరి హోస్‌లు, షాక్ అబ్జార్బర్లు, యాక్సిల్ లోపలికి గాలి ఆడే బ్రీదర్ పైపులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ స్లిప్ జాయింట్‌లో పళ్ళు ఎంత లోపల మిగిలున్నాయో అన్నీ చేత్తో పట్టుకుని చూస్తా. షాక్‌లు ముందే సాగిపోయి యాక్సిల్‌ని ఆపుతుంటే అవి పొడుగువి వేయాలి, లేకపోతే బండి బరువు షాక్ కన్ను మీద వేలాడుతుంది. పాత పికప్పుల్లో కొన్నిటికి వెనక యాక్సిల్ నుంచి చాసిస్‌కి ఒక చిన్న రాడ్ ఉంటుంది, లోడును బట్టి వెనక బ్రేకుకి ప్రెషర్ తగ్గించే వాల్వ్ అది. బండి లేపితే ఆ వాల్వ్ బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేక్ కోసేస్తుంది. ఉంటే బ్రాకెట్ పెట్టి ఆ రాడ్‌ని కూడా అంతే ఎత్తుకి తేవాలి.

ముందు సాలిడ్ యాక్సిల్ ఉండడం నీ అదృష్టం. అమెరికాలో అమ్మిన టయోటా ఫోర్ బై ఫోర్ పికప్పులకి 1985 దాకా ముందు సాలిడ్ యాక్సిలే, 1986 మోడల్ నుంచి టోర్షన్ బార్లతో (మెలితిరిగే కడ్డీలే స్ప్రింగులు) ఇండిపెండెంట్ సస్పెన్షన్ వచ్చింది, అంటే ఏ చక్రానికి ఆ చక్రం విడిగా కదులుతుంది, ఆ రకం బండికి నేను పైన రాసిన సగం పనికిరాదు, టోర్షన్ బార్ బిగించి లేపితే యాక్సిల్ సీవీ జాయింట్ల కోణం పెరిగి వాటి మీది రబ్బరు బూట్లు చిరుగుతాయి. ఇది తర్వాత ఎవరైనా చదివి గుడ్డిగా చెయ్యకూడదని చెప్తున్నా.

బురద బండి:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ నిజంగా థాంక్స్. దిమ్మల ఆలోచన పూర్తిగా మానేశా, ఫ్రెండుకి కూడా చదివి వినిపించా. నిన్న కొలిచా, ఎడమ వెనక కుడి వెనక కంటే ముప్పావు అంగుళం దిగి ఉంది, ఒక పట్టీ సెంటర్ బోల్టు దగ్గర విరిగి ఉంది, అది ఇన్నాళ్ళూ తెలీలేదు. చాసిస్ మాత్రం బాగానే మోగింది.

రెండు ప్రశ్నలు. 31 సైజులో సన్న టైరు మంచిదా వెడల్పుదా? వెనక డిఫ్ (డిఫరెన్షియల్) వెల్డింగ్ చేయించుకుంటే రెండు చక్రాలూ తిరుగుతాయి కదా, రెండు చక్రాలనీ కలిపి తిప్పే లాకర్ కొనే ఖర్చు ఉండదు, అది చెయ్యొచ్చా?

సన్న టైరు:

నా పేరు చూస్తేనే నా జవాబు తెలిసిపోతుంది. కింద గట్టి నేల ఉండి పైన జానెడు బురద ఉంటే సన్న టైరు కోసుకుంటూ కిందికి దిగి గట్టి నేలని పట్టుకుంటుంది. వెడల్పు టైరు పైన తేలాలని చూస్తుంది, తన ముందు బురదని గుట్టలాగా తోసుకుంటూ పోతుంది, ఇంజన్ బలం అంతా అక్కడే అయిపోతుంది. పైగా సన్నది ఫెండర్‌కి తగలదు, స్టీరింగ్ తేలిక, రేటు కూడా తక్కువే.

సైజు కంటే గాడులు ముఖ్యం. టైరు మీద పొడుచుకొచ్చిన మట్టెలు దూరం దూరంగా ఉండి మధ్యలో బురద ఇరుక్కోకుండా విదిలించుకునే మడ్ టైరు కావాలి. ఆల్ టెర్రెయిన్ టైరు జిగట బురదలో ఒక్క చుట్టుకే గాడులు నిండిపోయి నున్నటి బంతిలా అయిపోతుంది.

గాలి! ఇది ఫ్రీగా వచ్చేది, అయినా ఎవరూ చెయ్యరు. బురదలోకి దిగే ముందు 18 నుంచి 20 పీఎస్ఐకి దించు, నేలకి ఆనే టైరు పాదం పొడుగవుతుంది. 15 కంటే కిందికి మామూలు రిమ్ముతో పోవద్దు, చక్రం తిప్పినప్పుడు టైరు రిమ్ము నుంచి ఊడుతుంది. రోడ్డెక్కే ముందు మళ్ళీ నింపాలి, చిన్న కంప్రెసర్ ఒకటి కొనుక్కో, లిఫ్ట్ కంటే ముందు కొనాల్సింది అదే.

లో రేంజ్:

సన్న టైరు అన్నతో సగమే ఒప్పుకుంటా. అడుగు లేని బురద, అంటే చెరువు ఒడ్డు రకం, కర్ర గుచ్చితే ఎంత దూరమైనా దిగిపోయేది, అక్కడ సన్న టైరు కోసుకుంటూ పోయి హౌసింగ్ దాకా పాతుకుపోతుంది, అక్కడ వెడల్పే కావాలి. నువ్వెళ్ళే చోటు ఎలాంటిదో కర్రతో గుచ్చి చూసి కొను.

డిఫ్ వెల్డింగ్ గురించి: బండి బురదకే పరిమితమైతే, ట్రెయిలర్ మీద తీసుకెళ్తే, చేసుకో. నువ్వు దాన్నే రోడ్డు మీద నడుపుతున్నావ్ కాబట్టి వద్దు. మలుపులో లోపలి చక్రం, బయటి చక్రం వేరువేరు వేగంతో తిరగాలి, వెల్డింగ్ చేస్తే ఆ దారి మూసేసినట్టే, ఒక టైరు ఈడ్చుకుంటూ పోవాలి, టైర్లు అరిగిపోతాయి, తడి రోడ్డు మీద వెనక భాగం పక్కకి జారుతుంది, ఎప్పుడో ఒకరోజు హాఫ్ షాఫ్ట్ పుటుక్కుమంటుంది. డబ్బులు కూడాక లాకర్ వేసుకో. అప్పటిదాకా ఒక చక్రం ఊరికే తిరుగుతుంటే హ్యాండ్‌బ్రేక్ రెండు మూడు పళ్ళు లాగి మెల్లగా ఎక్స్‌లేటర్ ఇచ్చి చూడు, నీ హ్యాండ్‌బ్రేక్ వెనక డ్రమ్ముల మీద పనిచేసేదైతే తిరిగే చక్రాన్ని కొంచెం ఆపి రెండోదానికి బలం పంపిస్తుంది.

ఒక లెక్క కూడా గుర్తుంచుకో. 28.3 నుంచి 31కి వెళ్తే టైరు చుట్టుకొలత దాదాపు తొమ్మిదిన్నర శాతం పెరుగుతుంది. డిఫ్ రేషియో 4.10 అనుకుంటే బండికి 3.74 ఉన్నట్టు అనిపిస్తుంది, అంటే లాగుడు తగ్గుతుంది. స్పీడోమీటర్ 60 చూపిస్తే నువ్వు నిజంగా 66 దగ్గర్లో ఉంటావ్. బురదలో లో రేంజ్ రెండో గేరు దీన్ని చాలావరకు కప్పేస్తుంది, రోడ్డు మీద టాప్ గేర్‌లో ఎత్తు ఎక్కేటప్పుడు తెలుస్తుంది.

గ్రీజు చేతులు:

ఇంకా ఎవరూ బ్రీదర్ సంగతి వివరంగా చెప్పలేదు, అది లేకుండా వెళ్తే మిగతాదంతా వృథా. యాక్సిల్ నడిచి వేడెక్కి ఉంటుంది, చల్లటి నీళ్ళలో ముంచగానే లోపలి గాలి ముడుచుకుంటుంది, ఎక్కడ సందు దొరికితే అక్కడ్నుంచి నీళ్ళు పీల్చుకుంటుంది, ఆయిల్ సీలు నుంచి, బ్రీదర్ నుంచి. యాక్సిల్ పైనున్న చిన్న మూత తీసేసి అక్కడ రబ్బరు పైపు తగిలించి ముందుది ఇంజన్ గదిలో పైకి, వెనకది క్యాబిన్ వెనకాల ఎత్తుకి కట్టు. గేర్‌బాక్స్‌కి, ముందు వెనక యాక్సిళ్ళకి బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌కి కూడా. పైపు ముక్క, రెండు క్లిప్పులు, అంతే ఖర్చు. ప్రతి ట్రిప్పు తర్వాత డిఫ్ డ్రెయిన్ ప్లగ్ కొంచెం వదులు చేసి చూడు, ఆయిల్ పాల రంగులో వస్తే నీళ్ళు కలిసినట్టు, ఆ రోజే మార్చేయ్, రేపన్నావా బేరింగులు తుప్పు పడతాయి.

ముందు వీల్ బేరింగులు నీళ్ళలో మునిగితే విప్పి కడిగి కొత్త గ్రీజు కూరాలి. వెనక డ్రమ్ములు విప్పి బురద తియ్యాలి. రేడియేటర్‌కి ఇంజన్ వైపు నుంచి బయటికి, తక్కువ ప్రెషర్‌తో నీళ్ళు కొట్టు, ఎక్కువ ప్రెషర్ అయితే రెక్కలు వంగిపోతాయి. గాలి తీసుకునే మూతి ఎంత ఎత్తులో ఉందో చూసుకో, ఇంజన్ ఒక్క గుక్క నీళ్ళు తాగినా కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బండి నీళ్ళలో ఆగిపోతే మళ్ళీ సెల్ఫ్ కొట్టొద్దు.

ఇంక చివరిది, అన్నిటికంటే నేను గట్టిగా చెప్పేది. ముందొకటి వెనకొకటి చాసిస్‌కి బోల్టులతో బిగించిన సరైన హుక్కులు వేయించుకో. ట్రెయిలర్ తగిలించే గుండు బంతికి తాడు కట్టి లాగొద్దు, అది తెగి ఎగిరితే ఫిరంగి గుండే, మనుషులు చచ్చిపోయారు అలా. గొలుసుతో జెర్కు కొట్టొద్దు. సాగే రికవరీ తాడు ఒకటి, దాన్ని హుక్కుకి తగిలించే షాకిల్స్ రెండు (కమాన్‌వి కాదు), ఒక పార ఉంచుకో. లాగేటప్పుడు తాడు పొడుగుకి ఒకటిన్నర రెట్లు దూరంలో మనుషులు ఉండాలి, తాడు మధ్యలో తడి గోనెసంచో దుప్పటో వేయాలి. ఇరుక్కున్నప్పుడు కూడా మొదట పార తియ్యి, చక్రాల ముందు, హౌసింగ్ ముందు బురద తవ్వి దారి చెయ్యి, లాగే బండి మీద సగం బరువు తగ్గుతుంది.

ఎత్తు పెంచడానికీ టైరు సైజు మార్చడానికీ ఒక్కో చోట ఒక్కో రూలు, నీకు వర్తించేదేదో కనుక్కుని, ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పి మరీ చెయ్యి.

బురద బండి:

ఏం చేశానో అప్‌డేట్ ఇస్తున్నా, కొంచెం ఆలస్యమైంది, క్షమించండి.

విరిగిన పట్టీ మార్పించి, నాలుగు కట్టలకీ వంపు కొట్టించి, ఒక్కో పట్టీ అదనంగా వేయించా. బుష్‌లు, సెంటర్ బోల్టులు, యూ బోల్టులు అన్నీ కొత్తవి. వెనక రెండు, ముందు ఒకటిన్నర అంగుళం లేచింది, ఎడమ కుడి సమానంగా వచ్చింది. పాత ఇనుము గారు చెప్పినట్టు యాక్సిల్ వేలాడదీసి చూస్తే ముందు హోస్ నిజంగానే బిర్రుగా ఉంది, దానికంటే అరచెయ్యంత ఎక్కువ పొడుగుది వేయించా, అది చూడకపోయుంటే ఏమయ్యేదో. ముందు ఫెండర్ వెనక మూల రెండు వేళ్ళు కోసి అంచు మడిచా. బ్రీదర్లు పైకి కట్టా. కర్రతో గుచ్చి చూస్తే మా చోట జానెడు కింద గట్టి నేల తగిలింది కాబట్టి సన్న 31 మడ్ టైర్లే తీసుకున్నా, కొంచెం వాడినవి, పగుళ్ళు ఉన్నాయో లేదో తయారీ తేదీతో సహా చూసుకుని.

నిన్న అదే గుంతకి వెళ్ళా. 18 పీఎస్ఐకి దించి, హబ్బులు లాక్ చేసి, లో రేంజ్ రెండో గేరులో ఎక్కడా తగ్గించకుండా పోనిచ్చా, మధ్యలో ఒకచోట నెమ్మదించింది, స్టీరింగ్ అటూ ఇటూ చిన్నగా ఊపితే పక్క మట్టెలు పట్టుకుని లాక్కొచ్చాయి. అవతలి గట్టు మీద ఆగి కింద చూస్తే హౌసింగ్‌కి బురద అంటింది కానీ కూర్చోలా. రెండోసారి ఇంకొంచెం లోతున్న చోట ఇరుక్కున్నా, కానీ పారతో తవ్వి, సాగే తాడుతో ఒక్క లాగుడుకి బయటికొచ్చా.

ఖాళీ బండి రోడ్డు మీద కొంచెం గట్టిగా ఎగురుతోంది, అదొక్కటే. ఇందాకే కింద దూరి యూ బోల్టులు మళ్ళీ బిగించా, ఒక్కోటీ దాదాపు పావు చుట్టు తిరిగింది.